చెల్లెలు చిరుతను ‘ఆవిడ’ అన్న రోజు

మా బడి గోడలు నేను కట్టినవే. వాగు మీద వంతెన కూడా నా చేతిదే. ఎన్ని వరదలొచ్చినా ఒక్క రాయి కదల్లేదు. ఊరి బడిలో చదివింది కాస్తే అయినా, వంతెన ప్రారంభం రోజున నా పేరు మైకులో చదివారు. అలాంటి నా మాట ఇంటా బయటా చెల్లుతుంది, ఒక్క మా చెల్లెలి దగ్గర తప్ప.

చెల్లెలు మేకపాలు అమ్ముకుని బతుకుతుంది. భర్త పోయాక ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ మధ్య కొండ మీంచి చిరుత దిగి ఆమె మేకలను ఎత్తుకుపోయింది. మిగిలింది ఒక్క చూడిమేక. “ఆ చిరుతను పట్టుకుపోయేదాకా నాకు ముద్ద దిగదు” అంటూ బోను కోసం అటవీ శాఖ గార్డు చుట్టూ తిరిగింది.

గార్డు బోనుతో పాటు చిరుతల మీద తీసిన సినిమా ఒకటి తెచ్చి, అందరినీ పిలిచి బడి గోడ మీద వేశాడు. గోడ నునుపు కాబట్టి బొమ్మ చక్కగా వచ్చింది.

అందులో తల్లి చిరుత వేట తప్పి, ఖాళీ కడుపుతో తిరిగొచ్చేసరికి కూన ఒకటి కనబడదు. ప్రతి పొదా వాసన చూస్తుంది. సన్నగా పిలుస్తుంది, చెవులు రిక్కించి ఆగుతుంది, మళ్ళీ పిలుస్తుంది. వెనక మాటా లేదు, సంగీతమూ లేదు. మేకలు పోయిన పొద్దున చెల్లెలు పొదపొదకూ ఆగి పిలిచిన తీరు అచ్చం అదే.

“పాపం, అది చూడు...” అన్నాను.

“అది ఏమిటన్నయ్యా, పిల్లల తల్లిని పట్టుకుని? ఆవిడ అను.”

“అయితే ఈసారి వస్తే కుర్చీ వెయ్యమ్మా” అన్నాడు వెనక నుంచి మంగలి మామ. అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు.

సినిమా అయ్యాక గార్డు అడిగాడు: “బోను ఎక్కడ పెట్టమంటారమ్మా?”

“ఆవిడ అందులో పడితే పిల్లల గతేంటి?”

“చిన్నవైతే బతకవమ్మా.”

నేను అడ్డుపడ్డాను. “సినిమాలోది వేరే చిరుతే. మన కొండ మీదిదానికి పిల్లలున్నాయో లేదో ఎవరికి తెలుసు? ఈ మేక కూడా పోతే ఏం తింటావు?”

“తెలీదు గనకే వద్దంటున్నా. మేకని నా గదిలో కట్టేసుకుంటాలే.”

గార్డు బోను తిప్పి తీసుకుపోయాడు.

కొన్నాళ్ళకు మేక చెల్లెలి గదిలోనే ఈనింది. కబురు విని వెళ్ళాను. మంచం పక్కన గోనెపట్టా మీద తడి ఆరని పిల్ల నిలబడబోయి తూలుతోంది. చెల్లెలు దాన్ని తుడుస్తూ, “ఆవిడ కంటబడకుండా దీన్ని ఎలా పెంచాలన్నయ్యా?” అంది.

అడిగినదానికి జవాబు లేకుండా నేనెప్పుడూ ఉండలేదు.

“నాకూ తెలీదే” అన్నాను, పిల్లను పట్టుకుని.