చీనీకాయల బొమ్మ

జమ్మలమడుగులో మా చర్చి సంఘంలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. బీడీలు మానింది చెప్పాను, తమ్ముడితో తగవు తీరింది చెప్పాను, కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను. ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెబుతున్నాను.

వయసులో ఉన్నప్పుడు ప్రొద్దుటూరులో గోడల మీద పార్టీ గుర్తులు, నాయకుల బొమ్మలు వేసేవాణ్ణి. పని నేర్పింది ఓబులేసు మామ. ఆయనది సింహాద్రిపురం పక్క పల్లె. ఒక వర్గానికి గోడలు రాశాడని అవతలి వర్గంవాళ్లు ఆయన చీనీతోటను, అదే బత్తాయి తోటను, మొదలంటా నరికేశారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. రాలిపడ్డ కాయల్లో మూడు ఏరుకొచ్చి, రాగి చెంబు పక్కన పెట్టి, ఆయిల్ రంగులతో బొమ్మ వేశాడు. వెంటనే ప్రాణభయంతో బళ్లారి పోతూ దాన్ని నా దగ్గర ఉంచాడు.

"దీన్ని చూసి ఇంకోటి ఎయ్. ఆయిల్ పని వస్తాది నీకు. లీడర్లకు పెట్టినట్టు కాయలకు మీసాలు పెట్టాకురా అబ్బోడా," అన్నాడు.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. నాయకుడి ఫోటో మీద గళ్లు గీసి, గోడ మీద పెద్ద గళ్లు గీసి, గడి చూసి గడి నింపడం. ఆ అలవాటుకొద్దీ మామ బొమ్మ మీదే పెన్సిలుతో గళ్లు గీశాను. నకలు పూర్తయ్యాక గీతలు పోవాలని టర్పెంటైనులో ముంచిన గుడ్డతో తుడిచాను. గోడలకు వేసే ఎనామిల్ మర్నాటికే గట్టిపడుతుంది. ఆయిల్ రంగు నెలల తరబడి లోపల పచ్చిగా ఉంటుందని నాకు తెలియదు. ముందున్న కాయ గుడ్డతోపాటు వచ్చేసింది.

ఇంతవరకూ పొరపాటే. తర్వాత చేసింది కాదు. మిగతా రెండు కాయలూ చెక్కుచెదరలేదు. అలాగే ఇచ్చి కాళ్లు పట్టుకుని ఉంటే ఏమయ్యేది? తిట్టేవాడు, అంతే కదా? నేను దాన్ని పొయ్యిలో పెట్టాను. భయమా? నా నకలు ఆయన బొమ్మకు సాటి వచ్చిందన్న గర్వమా? ఎంత ప్రార్థించినా ఆ రెంటినీ విడదీసి చూసుకోలేకపోయాను.

ఊళ్లో రాజీ కుదిరాక మామ తిరిగొచ్చాడు. నకలును ఆయన చేతికిచ్చాను. కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏందప్పా, నా తోట కాయలు ఇట్లుండెనా?"

"ఇట్లే ఉండె మామా. నువ్వేసిందే గదా."

"తొక్క ఇంకా గరుగ్గా ఉండాల. చూస్తానే కాయ బరువు తెలియాల. ఏమో, నేనే మర్చిపోతాండానేమో." మళ్లీ అడిగాడు. "నువ్వేసింది యాడ?"

"బాగా రాలేదని కాల్చేసినా మామా."

"యాలరా? ఎట్లొచ్చినా ఉంచుకోవాల గదా! చెడిపోతే సరిచేసుకుంటాం."

అప్పుడైనా చెప్పలేదు. నోరు తెరిస్తే చాలు, ఆయన జ్ఞాపకం ఆయనకు దక్కేది. తెరవలేదు.

మామ ఆ బొమ్మను పులివెందులలో కొడుకు ఇంట్లో తగిలించాడు. మొదట్లో ఎవరైనా తోట సంగతి అడిగితే చేతులు తిప్పుతూ చెప్పేవాడు. పోనుపోను "అదో, అట్లుండె" అని గోడ చూపించి ఊరుకునేవాడు. ఆ మాటతోనే పోయాడు. చెట్లను ఆ వర్గంవాళ్లు నరికారు. ఆయన మనసులో మిగిలిన కాయలను తీసేసింది నేను.

దేవుడికి చెప్పుకున్నాను. ఆయనకు తెలియనిది కాదు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు. అందుకే క్షమించమని ఎవరినీ అడగను. ఆ గోడ మీదున్న బొమ్మ ఓబులేసు మామ వేసింది కాదు, నేను వేసింది. ఇంత చిన్న మాట. రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది.