నా కాలిని నమ్మని కారు

మా ఇంట్లో కారు నడిపేది నేను. కారు ఎంచుకునేది మా ఆయన. ఆయనకు డ్రైవింగు రాదు. స్టీల్ ప్లాంటులో చేరిన రోజు నుంచి రిటైరయ్యే దాకా ప్లాంటు బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకుని, పేపరు చదువుకుంటూ వెళ్లొచ్చిన మనిషి. ఆ పేపర్లో కార్ల పేజీ ఒకటి ఉండేది. నా దరిద్రం అక్కడ మొదలైంది.

మా పాత కారు కూడా హైబ్రిడ్డే. అదే కంపెనీ, అదే పేరు, అదే తెల్ల రంగు. నలభై దాటాక గాజువాక రోడ్ల మీద, ఆటోల మధ్య, దాంతోనే నేను డ్రైవింగు నేర్చుకున్నాను. రొయ్యల పచ్చడి నా వ్యాపారం. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బరులో వేలం దగ్గర నిలబడితేనే మంచి రొయ్య దొరుకుతుంది. ఆ రొయ్యే పచ్చడయి ద్వారకా నగర్ హాస్టళ్లలో కోచింగు పిల్లల కంచాల్లోకి వెళ్తుంది. పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరొచ్చాక చాలా ఏళ్లు ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరిని బతిమాలుకున్నదాన్ని. ఎవరినీ లేపకుండా, ఎవరినీ అడక్కుండా నా అంతట నేను పోయి రావడం ఆ కారుతోనే మొదలైంది. దాని మీద నాకున్న ప్రేమ ఇనుము మీద ప్రేమ కాదు.

అది గేటు దాటేటప్పుడు చప్పుడే ఉండేది కాదు. బ్యాటరీ మీద మెల్లగా వీధి చివరి దాకా వెళ్లి, మెయిన్ రోడ్డెక్కాక ఎప్పుడో ఇంజను అందుకునేది. పాలలో నీళ్లు కలిసినట్టు, ఎక్కడ కలిసిందో తెలిసేది కాదు. ఏసీకి ఒక గుండ్రటి మీట, పాటలకు ఇంకో మీట. చీకట్లో కూడా చేతికి తెలిసేవి. అంతకు మించి అది నాతో మాట్లాడేది కాదు, నేనూ దాంతో మాట్లాడేదాన్ని కాదు. అలాంటి సంసారం అందరికీ దొరకదు.

బ్యాటరీ నీరసించింది. బ్యాటరీ మార్చుకోండి, లేదా కారే మార్చుకోండి అన్నారు షోరూమువాళ్లు. బ్యాటరీ చాలన్నాను నేను. మా ఆయన అప్పటికే కొత్త మోడల్ గురించి చదవాల్సిందంతా చదివేశారు. "అదే కారు, ఇంకా తెలివైనది" అన్నారు. కారుకు తెలివెందుకండీ అంటే నవ్వారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. కొత్త కారు ఇంటికొచ్చింది.

కొత్తొక వింత, పాతొక రోత అన్నవాళ్లకి ఈ కారు తగల్లేదు. ఇది బ్యాటరీ మీద కదిలినా ఊళతో కదులుతుంది. చప్పుడు లేకపోతే నడిచేవాళ్లకి ప్రమాదమట, అందుకని కావాలని ఒక కూత పెట్టారు. ఆ కూతకి మా వీధి కుక్కలన్నీ లేచి, సందు చివరి దాకా నన్ను సాగనంపేవి. ఎవరినీ లేపకుండా వెళ్లే నా దర్జా మొదటి రోజే పోయింది. మైలేజీ పాతదానికంటే తగ్గింది. స్టెప్నీ లేదు. దాని బదులు డిక్కీలో జిగురు సీసా ఒకటి పెట్టి, పంక్చరైతే ఇది పోసుకోమన్నారు.

మీటలు తీసేసి మధ్యలో అద్దం పలక పెట్టారు. ఏసీ పెంచాలన్నా ఆ అద్దాన్నే తాకాలి. రొయ్యలు ఏరి వచ్చిన తడి చేతిని అది గుర్తించదు. నేను వేలు ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. కొంగుతో వేలు తుడుచుకుని, అద్దం తుడిచి, మళ్లీ నొక్కితే ఏసీ బదులు ఏ దేశం మ్యాపో తెరుచుకుంటుంది. ఇక రొయ్యల బకెట్టు. పక్క సీట్లో పెడితే మనిషి అనుకుని, బెల్టు పెట్టుకోలేదని హార్బరు నుంచి ఇంటి దాకా కేకలు. చివరికి బకెట్టుకు బెల్టు పెట్టడం మొదలుపెట్టాను. సిగ్నలు దగ్గర ఆటోలో పిల్లలు చూసి నవ్వేవారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్వలేనిది ఇంకొకటి. ఇది నన్ను నమ్మదు. ఆటో పక్కకి వస్తే స్టీరింగు కాస్త తిప్పుతాను కదా, వెంటనే నా చేతిలోంచి వెనక్కి లాగుతుంది. ముందు ఎవరైనా అడ్డొస్తే నా కాలు బ్రేకు మీద పడేలోగా తనే బ్రేకు వేసేస్తుంది. అవి ఆపుకోవచ్చన్నారు షోరూమువాళ్లు. నిజమే, అద్దంలో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి ఆపుకోవచ్చు. మర్నాడు స్టార్టు చేయగానే మళ్లీ వచ్చేస్తాయి.

పోర్టు రోడ్డు మలుపులో ఒక ఆవు ఉంటుంది. డివైడరు పక్కన నిలబడి, రోడ్డు మీదికి ఒక అడుగు వేసి ఆగుతుంది. దాటదు. ఆ రోడ్డున పోయే ప్రతివాళ్లకీ ఆ సంగతి తెలుసు. కొంచెం ఎడమకి తీసుకుని వెళ్లిపోతాం. అది మాకూ ఆవుకీ ఉన్న ఒప్పందం. ఒకరోజు తెల్లవారుజామున ఎప్పటిలాగే ఆవు అడుగు వేసింది. నేను ఎడమకి తీసుకోబోయాను. కారు కెవ్వుమని అరిచి, రోడ్డు మధ్యలో నిలువునా ఆగిపోయింది. వెనక ఇనుప ఖనిజం లోడుతో లారీ. దాని బ్రేకుల చప్పుడు నా వీపు మీదే వినిపించింది. వెనక చూసుకునే అద్దంలో లారీ ముందు భాగం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

లారీ డ్రైవరు దిగి వచ్చాడు. "ఏటమ్మా! రోడ్డు మద్దిలో అలాగ బ్రేకేసీసినావేటి? సచ్చిపోదుము గదా ఇద్దరుమూ!"

నేను వేయలేదు బాబూ అంటే ఎవరు నమ్ముతారు? కారులో నేను తప్ప ఇంకెవరున్నారు, బకెట్టు తప్ప! తప్పయిందని చెప్పి, కారు పక్కకి తీసి ఆపి, ఏడ్చాను. భయానికి కాదు, అవమానానికి. ఇన్నేళ్లలో ఒక్క మనిషి కూడా నా డ్రైవింగును వేలెత్తి చూపలేదు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "చూశావా, నిన్ను కాపాడింది" అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. "నన్ను కాపాడింది ఆ లారీ అబ్బాయి బ్రేకులండీ" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఆ మర్నాడు తాళం తీసుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. తాళం మేకుకు తగిలించేశాను.

తర్వాత ఆటోలే. వచ్చేటప్పుడు నీళ్లు కారే బకెట్టు చూసి ఆటోవాళ్లు ముఖం తిప్పుకునేవారు. నేను చేరేసరికి మంచి రొయ్య వేలంలో వెళ్లిపోయేది. హార్బరులో మొదటినుంచి నాకు రొయ్యలిచ్చే ఆవిడ ఒకరోజు అడిగేసింది.

"ఏటమ్మా, ఆటోలో తిరగతన్నావు? కొత్త కారేటయిపోనాది?"

"దాంతో నాకు పడట్లేదు. నడపడం మానేశాను."

ఆవిడ గంప దించి నన్ను ఎగాదిగా చూసింది. "నా మావ ఇలాగే కొత్త ఇంజను పడవ నడపనేక మూలన కూకుండిపోనాడు. కూకుంటే ఇంక లెగలేమమ్మా. నాను సెప్తన్నాను, లేటు సెయ్యకు."

ఆ మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. నిజంగానే భయమేసింది. మళ్లీ ఎవరో ఒకరిని బతిమాలుకునే రోజులు వస్తాయని కాదు, వచ్చేశాయని.

అలా ఉండగా దసరా వచ్చింది. దాని మీద ఎంత కోపమున్నా బండికి పూజ చేయకపోతే మనసొప్పదు. కడిగాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. బొట్టు ఎక్కడ పెడతాం? ముందు కంపెనీ గుర్తు ఉంటుంది కదా, అది కారు నుదురు. దాని నిండా ముద్దగా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దాని మీదుగా బరువైన చామంతి దండ కట్టాను. నిమ్మకాయలు తొక్కించడానికి ఎవరో ఒకరు నడపాలి. ఇంట్లో డ్రైవింగు వచ్చినదాన్ని నేనే. దేవుడికి దండం పెట్టుకుని ఎక్కాను.

అద్దం పలక మీద పసుపుపచ్చ అక్షరాలు వచ్చాయి. ముందు భాగంలో ఏదో అడ్డుందట, సాయం చేయలేనట. నిమ్మకాయలు చితికాయి. సందు చివర ఆటో అడ్డొస్తే స్టీరింగు తిప్పాను. లాగలేదు. ఇంకొంచెం దూరం పోయాను. అరవలేదు. గాజువాక దాకా వెళ్లిపోయి, అక్కడ టీ తాగి వచ్చాను.

మా ఆయన ఆ అక్షరాలు చూసి, కారుతో ఇచ్చిన పుస్తకం తెచ్చి తిరగేశారు. "దీని కన్ను ఆ గుర్తు వెనకే ఉందట. నువ్వు కంటి మీద పసుపు కొట్టావు" అంటూ తడిగుడ్డ తీసుకుని బయల్దేరారు.

నేను కారుకు అడ్డంగా నిలబడ్డాను. "పూజ చేసిన బొట్టు మీ చేత్తో మీరే తుడుస్తారా?"

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ల సంసారంలో ఆయన్ని అంత తొందరగా ఆపిన మాట ఇంకొకటి లేదు. గుడ్డ పిండి తీగ మీద ఆరేశారు. "అయితే రేపు హార్బరుకు నేనూ వస్తాను" అన్నారు. సాయానికి కాదు, తప్పు పట్టుకోవడానికి. నాకు తెలుసు.

మర్నాడు బకెట్టు వెనక్కి వెళ్లింది. దాని సీట్లో ఆయన బెల్టు పెట్టుకుని కూర్చున్నారు. కుక్కలు మామూలుగానే సాగనంపాయి. కూత మాత్రం పసుపుకు లొంగలేదు. పోర్టు రోడ్డు మలుపు తిరిగాం. ఆవు ఉంది. అడుగు వేసి ఆగింది. ఎడమకి తీసుకుందామనుకునే లోపు దాని వెనక నుంచి దూడ రోడ్డు మీదికి పరుగెత్తింది. అది ఒప్పందంలో లేదు. అద్దంలో వెనక లారీని చూసుకుని, కాలితో మెల్లగా నొక్కి, ఇంకొంచెం నొక్కి ఆపాను. వెనక లారీ కూడా తీరిగ్గా ఆగింది. దూడ దాటింది, తల్లి అక్కడే నిలబడింది.

మా ఆయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఉన్నాయి. చూపు నా కాళ్ల మీద ఉంది.

"ఆపింది అదా, నువ్వా?"

"నేనే."

హార్బరులో రొయ్యలావిడ కారు చూసి, "లెగిసినావమ్మా!" అని ఒక దోసెడు ఎక్కువ వేసింది. బకెట్టు పట్టుకుని తిరిగి వచ్చేసరికి మా ఆయన కారు ముందు వంగి ఏదో చేస్తున్నారు. తుడుస్తున్నారేమోనని గబగబా నడిచాను. దగ్గరకు వెళ్తే చేతిలో కొత్త చామంతి దండ. హార్బరు గేటు దగ్గర పూలమ్మే ఆవిడ దగ్గర కొన్నారట.

"నిన్నటిది వాడిపోయింది కదా" అన్నారు, నా వైపు చూడకుండా.

ముడి సరిగ్గా వేయలేదు. బకెట్టు దించి, నేనే విప్పి మళ్లీ కట్టాను.