ఖాలా ఒప్పుకోని 'రు'

మొన్న శుక్రవారం పొద్దున్నే బూర్గంపాడు నుంచి అమ్మ ఫోన్ చేసింది. "పక్కింటి ఖాలా పోయిందే. నిద్రలోనే," అంది. మర్యాదకైతే 'కన్నుమూశారు' అని రాయాలి. కానీ ఆ 'రు' అంటే ఖాలాకు పడదు. దాని వెనక ఓ కథ ఉంది, ఇవాళ మీకు చెప్పేస్తాను.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మా పక్కింటి ఈ పిన్ని బట్టలు కుట్టేది. మా వీధిలో సగం జాకెట్లు ఆమె చేతివే. గుర్తులు గీసే సుద్దముక్కను చెవి సందులో పెట్టుకుని, అదెక్కడుందని ఇంట్లో అందరినీ లేపి వెతికించేది. ఉర్దూ చదివేది కానీ తెలుగు అక్షరాలు రావు. అందుకని చిన్నప్పటి నుంచి ఆమెకు కథలు చదివి వినిపించే ఉద్యోగం నాది. జీతం, సాసర్లో చాయ్. షరతు ఒక్కటే. "ఎవరన్నా సచ్చేదుంటే ముందే చెప్పు బేటా, కుట్టు వంకర పోతది." ప్రేమకథ అయితే మిషన్ జోరందుకునేది. విలన్ వస్తే దారం తెగేది, తప్పు మాత్రం రాసినవాళ్లదే.

తర్వాత నేనే ఒక నవల రాశాను. భద్రాచలంలో ఇంటర్ చదివే పదహారేళ్ల పిల్ల కథ. రోజూ బస్సులో గోదావరి బ్రిడ్జి దాటుతూ, పక్కసీటు దోస్తు మీద తనకున్నది ఉత్త దోస్తానానా, ఇంకేమన్నానా అని తనలో తాను కొట్లాడుకుంటుంది. ఆ దోస్తు కూడా ఆడపిల్లే. ఆ సంగతి రాయడానికే నాకు చెయ్యి రాలేదు, ఎందుకంటే ఆ కొట్లాట నాది. అందుకని ఉన్న తెలివంతా వాడాను. దోస్తుకు పేరు పెట్టలేదు. 'వచ్చాడు' అనలేదు, 'వచ్చింది' అనీ అనలేదు. నవల పొడుగునా 'వచ్చారు', 'నవ్వారు', 'కూర్చున్నారు'.

మొదటగా విన్నది ఖాలాయే. మూడో పేజీకే మిషన్ ఆగింది.

"ఏంది బేటా, పదారేండ్ల పిల్ల దోస్తును పట్టుకొని వచ్చారు, కూర్చున్నారు అంటదా? వచ్చినోళ్లేమన్న కలెక్టరా?"

"మర్యాద, ఖాలా."

"బస్సుల పక్కన కూసున్నోళ్లకు గింత మర్యాదనా! సరే, చదువు."

చదివాను. రెండు పేరాలు దాటగానే నా కొంప నేనే ముంచుకున్నాను. 'వారు జడ విప్పి మళ్లీ అల్లుకున్నారు.'

ఖాలా చెవి సందులోని సుద్దను ఎవరినీ అడగకుండానే తీసి బల్ల మీద పెట్టింది. అమ్మకు చెప్పుకోలేని సంగతి ఇది. ఈ గుమ్మం కూడా మూసుకుపోతే నేనెక్కడికి పోవాలి?

"వచ్చిండా, వచ్చిందా?" మెల్లగా అడిగింది.

"వచ్చింది," అన్నాను.

"గట్లనే రాయి మరి. ఒక్క అక్షరానికి గంత భయపడితే ఆ పిల్ల బ్రిడ్జి ఎట్ల దాటుతది?" అని మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. కాసేపాగి, "చివర్ల ఎవ్వరూ సావరు గదా?" అంది.

"సావరు ఖాలా."

"అయితే జల్దీ చదువు."

ఆ పూట ఏడ్చాను, నవ్వాను, రెండు సాసర్ల చాయ్ తాగాను. ఇంటికెళ్లి నవలలో 'రు'లన్నీ పీకేశాను. పుస్తకం వచ్చాక కొందరు చుట్టాలు మాటలు మానేశారు. ఖాలా మాత్రం జాకెట్ కోసం వచ్చిన ప్రతి ఆడమనిషికీ దాన్ని అంటగట్టేది. "మా పిల్ల రాసింది, తీస్కపో. ఎవ్వరూ సావరు." అంతకన్నా మంచి సమీక్ష నాకు ఇప్పటికీ రాలేదు.

పోయినేడు చలికాలంలో, ఖమ్మంలో నాతో ఉంటున్న నా మనిషిని మొదటిసారి బూర్గంపాడు తీసుకెళ్లాను. అప్పటికి అమ్మకు చెప్పేశాను. అమ్మ ఇంకా అలక మీదే ఉంది, అయినా చేపల పులుసు వండింది. తిన్నాక ఇద్దరం పక్కింటికి వెళ్లాం. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఖాలా తలెత్తింది. మెడలో టేపు, చెవి సందులో సుద్ద. చూసింది నన్ను కాదు, నా వెనక నిలబడ్డ ఆమెను. ఆమె జడను. ఖాలా కాళ్లు మిషన్ మీద ఆగిపోయాయి. ముఖమంతా నవ్వుతో, వంటింట్లో ఉన్న కోడలికే కాదు, వీధి వీధంతా వినపడేలా కేకేసింది.

"చాయ్ పెట్టుండ్రి! వచ్చింది!"