మూడు భోజనాల దూరం

విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో ఆవిడది మూతల పని. వేడి డబ్బా మీద రేకు మూత పెట్టి, నాలుగు అంచులూ బొటనవేలితో నొక్కాలి. అందుకే అందరికీ మూతలమ్మ అయింది. ఆ వంటశాలలో కిలోమీటర్లు, గంటలు ఎవరికీ పట్టవు. దగ్గరి ఊరికి ఒక చిరుతిండి, సముద్రం దాటితే ఒక భోజనం, అంతే లెక్క. "మా అత్తగారు ఒక్క చిరుతిండి దూరంలోనే ఉన్నారు, నా ఖర్మ" అని తలకొట్టుకునేది కూరలు తరిగే ఆవిడ. మూతలమ్మ అక్క ఉండే ఊరు మాత్రం మూడు భోజనాల దూరం.

తల్లి లేని పిల్లని అక్కే జడలు వేసి పెంచింది. పెళ్లయ్యాక బావతో వెళ్లిపోయి, అక్కడ బట్టలుతికే దుకాణం పెట్టుకుంది. మళ్లీ రాలేదు. చెల్లెలి పెళ్లికి రాలేదు, పురిటికి రాలేదు. "దుకాణం మూసి ఎలా రానే?" అనేది ఫోన్లో. మూతలమ్మకి ఒళ్లు మండేది.

"అదేమైనా దూరమా అక్కా? ఇక్కణ్ణుంచి మూడు భోజనాలు ఎక్కిస్తాం. అటునుంచి వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుందట, రెండే చాలు. గాలి కూడా నీ పక్షమే. నీకే మనసు లేదు."

"అవునే, దగ్గరే" అని అక్క నవ్వేసేది. ఆ నవ్వు పుండు మీద కారం చల్లినట్టుండేది. కోపం పేరు పెట్టుకుని ఆవిడ పడుతున్నది బెంగే, కానీ అలా ఒప్పుకోవడానికి అభిమానం అడ్డం.

అక్క ఇక రాదని తేలిపోయాక తనే బయల్దేరింది. చాలాకాలం పనిచేసినవాళ్లకి విమానంలో మిగిలిన ఖాళీ సీటు ఇవ్వడం ఆ కంపెనీ ఆనవాయితీ. వెళ్లి అక్కని ముఖమ్మీదే కడిగేయాలని మాటలన్నీ కూర్చుకుంది.

మొదటి భోజనం వచ్చింది. మూత అంచులు చూసి మురిసిపోయి, తిని, మూడో వంతు దారి అయిపోయిందనుకుంది. పళ్లాలు తీసేశారు. కిటికీలు మూయించి దీపాలు ఆర్పేశారు. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. జనం నిద్రపోయారు, లేచారు, మళ్లీ నిద్రపోయారు. ఎదుటి సీటు వెనకున్న తెర మీద బొమ్మ విమానం నీలం రంగులో నత్తలా పాకుతోంది.

"ఇంకెంతమ్మా?" అని వడ్డించే అమ్మాయిని అడిగింది.

"ఇంకా సగం కూడా కాలేదండీ."

భోజనానికీ భోజనానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని వంటశాలలో ఎవరికి తెలుసు? అక్క కొత్త పెళ్లికూతురుగా ఇదంతా దాటి వెళ్లింది. ఏడుస్తూ వెళ్లిందో ఏమో, తను ఏనాడూ అడగలేదు. కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. అక్కని చూడాలని ప్రాణం కొట్టుకుంది.

బయటికొచ్చే గుమ్మం దగ్గర అక్క నిలబడి ఉంది. జుట్టు నెరిసింది, సబ్బునీళ్లలో నాని నాని వేళ్లు పాలిపోయాయి. మూతలమ్మ ఆ చేతులు పట్టుకుని భోరుమంది.

"ఇంత దూరమా అక్కా! నాకు తెలీనే తెలీదు. ఇంత దూరాన ఉన్నదాన్ని పట్టుకుని ఎన్నెన్ని మాటలన్నానో..."

అక్క చెల్లెలి నోటికి చెయ్యడ్డం పెట్టింది.

"దూరమనకే. దగ్గరే దగ్గరే అని నువ్వు తిడుతుంటేనేగా, ఇన్నాళ్లూ ఇక్కడ ఉండగలిగాను."