కార్నివాల్ నడక

నా చిన్నప్పుడు, కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది, మా ఇంట్లో వారాల తరబడి ఒకే వీడియో క్యాసెట్ ఆడింది. కరీబియన్ దీవి ఒకదానిలో జరిగే కార్నివాల్ మీద తీసిన డాక్యుమెంటరీ అది. కువైట్‌లోని ఫర్వానియాలో మా ఫ్లాట్ కిందే సైనికులు కాపలా ఉండేవారు. పరదాలు మూసి, సౌండ్ పూర్తిగా తగ్గించి చూసేవాళ్లం. బ్రెడ్ కోసం నాన్న వెళ్లడం తప్ప ఎవరమూ గడప దాటింది లేదు.

మాతోపాటు పక్కింటి అక్క ఉండేది. కడప వైపు నుంచి ఆ ఇంట్లో పనికి వచ్చిన మనిషి. ఆ ఇంటివాళ్లు ఆమె పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకుని రాత్రికి రాత్రి సౌదీకి వెళ్లిపోతే, అమ్మ తీసుకొచ్చింది. అక్కడి పనివాళ్లు యజమానురాలిని పిలిచినట్టే మా అమ్మను "మామా" అనేది. నేను సోఫాలో, ఆమె నేల మీద. అది నాకు మామూలుగానే అనిపించేది.

ఆ దీవిలో ఒకప్పుడు చెరకు తోటల్లో బానిసలుగా బతికినవాళ్ల వారసులు, పండగనాడు దొరసానుల గౌన్లు తొడుక్కుని, విసనకర్రలు ఊపుతూ వీధుల్లో నడుస్తారు. అక్క ఆ ముక్కనే పదేపదే వేయించుకునేది.

"గుడ్డలదేముంది పాపా, ఎవరైనా ఏసుకుంటారు. ఆ నడక చూడు!"

ఇండియా వెళ్లేవాళ్లకు బాగ్దాద్ మీదుగా బస్సులున్నాయని తెలిసింది. దారిలో కాగితాలు లేనివాళ్లను దించేస్తున్నారని కూడా విన్నాం. అక్కను తన పెద్దకూతురని చెప్పి తీసుకెళ్లాలని అమ్మ నిశ్చయించుకుంది. తన ఇస్త్రీ చీర, వాచీ ఇచ్చింది. అక్క మొదట ఒదిగి ఒదిగి నడిచింది. తర్వాత ఆ దొరసాని వేషం గుర్తొచ్చిందేమో, గడ్డం పైకెత్తి హాలంతా తిరిగొచ్చి, నా పక్కన సోఫాలో కూర్చుంది. నేను కొంచెం జరిగాను. అది ఇప్పటికీ గుర్తుంది.

"మామా కాదే, అమ్మా అనాలి," అంది అమ్మ.

"అట్లనే మామా."

కింద సైనికులకు వినపడకుండా దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వాం.

చెక్‌పోస్టు దగ్గర ఒక సైనికుడు బస్సెక్కాడు. మా పాస్‌పోర్టులు తిరగేసి, అక్క వైపు వేలు చూపించాడు. దిగమన్నాడు. అక్క గడ్డం దించలేదు, కానీ చేయి అమ్మ చేతిని పట్టేసింది. నోటి నుంచి అలవాటు మాటే వచ్చింది.

"మామా!"

నాన్న కళ్లు మూసుకున్నాడు. మాకు తెలిసినంతలో అది పనిమనిషి యజమానురాలిని పిలిచే మాట. అంతా బయటపడిపోయిందనుకున్నాం.

సైనికుడు ఆ రెండు చేతుల వైపు చూశాడు. "నీ కూతురా?" అని అమ్మను అరబ్బీలో అడిగాడు. అమ్మ తలూపింది. "యల్లా," అని, పోనివ్వమన్నట్టు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. అతని భాషలో "మామా" అంటే అమ్మ అనే అర్థం. అంతకాలం వింటూ కూడా మాకది తట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి నన్ను మేడమ్ అంటుంది. ఆమె పిలిచినప్పుడల్లా ఆ సైనికుడు నా చెవిలో మళ్లీ అడుగుతాడు: "నీ కూతురా?"