గూబ దూరిన ఇల్లు

మొన్న దీపాలు పెట్టే వేళ మా అశోక్ నగర్ ఫ్లాటు వెనక కరెంటు తీగ మీద రెండు చిన్న గుడ్లగూబలు పక్కపక్కన కూర్చుని, పెళ్లిచూపులకొచ్చిన పెద్దల్లా మెడలు తిప్పి తిప్పి నన్ను పరీక్షగా చూశాయి. ఎదురుగా హాస్టల్ డాబా మీద ఉద్యోగ పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి, "ఆంటీ, జర చప్పుడు చెయ్యకున్రి, ఎగిరిపోతయ్" అంది. చప్పుడైతే చెయ్యలేదు గానీ, పాత అలవాటు కొద్దీ నా చెయ్యి కిటికీ రెక్క మూయబోయింది. అది చూసుకుని నాకే తల కొట్టేసినట్లయింది.

ఇప్పుడీ ఫ్లాట్లున్న చోటే ఒకప్పుడు మా పెంకుటిల్లు, దాని వెనక జామచెట్టూ కరివేపాకూ నందివర్ధనాలూ ఉన్న చిన్న తోటా ఉండేవి. నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. తోటలో గూబలు కూయడం మామూలే, బామ్మ రామనామం అనుకుని ఊరుకునేది. కానీ ఒక సాయంత్రం ఒకటి వెంటిలేటర్లోంచి సామాన్ల గదిలోకి దూరి, బియ్యం డబ్బా మీద దర్జాగా కూర్చుంది. గూబ దూరిన ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాల్సిందేనంది బామ్మ. శకునాలంటే పదిమందిలో వెక్కిరించే నాన్నగారు మర్నాడు అందరికంటే ముందు చెప్పులు తొడుక్కుని, దోమలగూడలో ఇల్లు వెతకడానికి బయల్దేరారు.

అంతవరకైతే నవ్వుకునే సంగతే. కానీ రెండిళ్ల ఖర్చు మోయలేక, పాడుపెట్టాల్సిన ఆ ఇంటినే తెలంగాణ పల్లె నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన ఒక గుమాస్తాకి అద్దెకిచ్చేశారు. ఆయన భార్య నిండు చూలాలు. మనకి కీడైన ఇల్లు ఆవిడకి మేలెలా అవుతుందని మా పెద్దవాళ్లెవరూ అనలేదు. పిల్లల బడికి దగ్గరని మారుతున్నామని చెప్పమని మాకు నేర్పితే, మేమూ చిలకల్లా వల్లించాం. ఆవిడ ప్రసవించిందన్న కబురు వచ్చేదాకా అమ్మకి ముద్ద దిగలేదు. రోజూ దేవుడి ముందు వాళ్ల కోసం దండం పెట్టుకునేదే తప్ప, వెళ్లి నిజం చెప్పి రాలేదు.

గడువు తీరి, వాళ్లు ఖాళీ చేసే రోజున అందరం వెళితే, తోటలో ఒక్క మొక్కా వాడలేదు. ఆవిడ చంకలో బిడ్డతో వచ్చి, బామ్మ కాళ్లకు మొక్కి మెల్లగా అంది: "సామాన్ల అర్రల గూబను మొదటి దినమే సూసిన పెద్దమ్మా. మీరెందుకు పోయిన్రో అప్పుడే ఎర్కైంది. కడుపుతోని ఉన్ననని మాకెవ్వలు ఇల్లు కిరాయికియ్యలే, మస్తు పరేషానైనం. మీ ఇంట్ల నా బిడ్డ సల్లగ పుట్టింది."

నాన్నగారు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. దీవించడానికి చెయ్యెత్తిన బామ్మ, ఆ చెయ్యి దించి బిడ్డ తల నిమిరింది.

ఆ తోట పోయింది, జామచెట్టు ఉన్న చోట కార్లు పెడుతున్నారు. గూబ దూరిందని ఇల్లు విడిచే వాళ్లూ లేరు, మొక్కలకి నీళ్లు పోసి అప్పగించి వెళ్లే అద్దెవాళ్లూ లేరు. ఆ కూత వింటే నా ఈడువాళ్లకి చిన్నతనం గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం ఆవిడే గుర్తొస్తుంది. తలుచుకుందామంటే పేరు తెలియదు. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో ఆవిడ 'అద్దెకున్నావిడ', అంతే. దగ్గరగా వెళ్లి పేరడిగితే నిజం చెప్పాల్సి వస్తుందని కాబోలు, మాలో ఎవరమూ అడగలేదు.