అధ్యక్షె సంతకం

చిక్కబళ్ళాపురం అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో అధికారిణి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, ఇందులో మీ సంతకం ఏదని మా అక్కను అడిగింది. అప్పుడే ఆమె ముందు కూచుని సంతకం చేసిన కాగితాన్ని అక్క వేలితో చూపించింది. అధికారిణి తల అడ్డంగా ఊపింది. "మా దగ్గరున్న వాటితో ఇది కలవడం లేదమ్మా. అధ్యక్షె సంతకం ఇది కాదు" అని కన్నడలో అంది. కళ్ళెదుట కూచుని తన పేరు తాను రాసిన మనిషితో, ఆ సంతకం నీది కాదనడం నేను ఎక్కడా వినలేదు. 

మొదటినుంచీ చెప్పాలి. నేను చింతామణిలో ఒక హైస్కూల్లో సమాజశాస్త్రం చెబుతాను. పొద్దున ప్రార్థనలో పిల్లలచేత రాజ్యాంగ పీఠిక చదివించేది నేనే. అక్కను బాగేపల్లి దగ్గరి పల్లెకిచ్చారు. ఆ పంచాయితీలో అధ్యక్ష పదవి, అంటే సర్పంచి పదవి, ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. ఆ కుర్చీలో ఆడమనిషి ఉంటే కన్నడలో అధ్యక్షె అంటారు. మగవాళ్ళు పోటీ చేసే వీలు లేకపోయేసరికి బావ అక్కను నిలబెట్టి గెలిపించాడు. గెలిచిన సభ్యులంతా కూచుని, సగం కాలం అక్క, తక్కిన సగం ఇంకో ఇంటి కోడలు అధ్యక్షెగా ఉండాలని మాట అనుకున్నారు. ఇలాంటి ఒప్పందం ఏ చట్టంలోనూ లేదు. మా పల్లెల్లో మాత్రం చట్టానికి లేని మర్యాద దానికి ఉంది. అలా మాట అనుకున్నవాళ్ళలో ఆ ఇద్దరు ఆడవాళ్ళూ లేరు.

మొట్టమొదటి సంతకం కావలసిన రోజున అక్క పట్టుపురుగుల ఇంట్లో ఉంది. నాలుగో జ్వరం లేచిన పురుగులు, అంటే నాలుగోసారి పొర విడిచి, గూడు కట్టేముందు ఆఖరి మేత మేసేవి. ఆ దశలో వాటికి ఆకు ఆలస్యమైతే పంటంతా పోతుంది. బయటనుంచి వచ్చిన కాగితాన్ని ముట్టుకున్న చేత్తో ఆకు వేయడానికి కూడా మా వాళ్ళు ఒప్పుకోరు. "పురుగులు ఆకు కోసం తలలెత్తుకోని ఉండాయి, ఇప్పుడు సైనేమిటికి? నువ్వే ఏదో ఒకటి గీకెయ్" అని అక్కే లోపలినుంచి కేకేసిందట. బావ గీకేశాడు. గొలుసు కట్టు అక్షరాలు, కింద ఒక పెద్ద తోక. ఆ తోకే రికార్డులకెక్కింది, బ్యాంకుకూ ఎక్కింది.

అక్క సంతకం అలా ఉండదు. పదో తరగతి పాసైన పిల్ల తన పేరు ఎలా రాస్తుందో అలా, ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తుంది. ఆ తర్వాత తనే చేస్తానన్నా బావ వద్దన్నాడు. "మొదట పడింది అదే కదా. ఇప్పుడు మారిస్తే కలవదు, పనులన్నీ నిలిచిపోతాయి" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు మా బావ. అందరినీ నవ్విస్తాడు. ఊళ్ళో వాళ్ళు ఆయన్ను అధ్యక్షులు అని పిలిస్తే ఆయనే పగలబడి నవ్వేవాడు, మేమూ నవ్వేవాళ్ళం.

ఒకసారి ఆయన బెంగళూరుకు పోయినప్పుడు, ఊరి చివరి వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి అక్క వాకిట్లో కూచున్నారు. నీళ్ళు వాళ్ళ దాకా చేరేలోపే కొళాయి ఆగిపోతోంది. అక్క వాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి, మొదటిసారి తన కుర్చీలో కూచుంది. నీళ్ళు వదిలే మనిషిని పిలిపించి, "చివరి వీధికి ముందు వదులప్పా. ముందరి వీధోళ్ళు కొట్లాటకొస్తే నా దగ్గరికి పంపు" అంది. మరుసటి రోజు ఆ వీధిలో బిందెలు నిండాయి. అక్కడినుంచి అక్క రోజూ ఆఫీసుకు పోయింది. నాకు ఫోన్ చేసి మాట్లాడేదంతా కొళాయిలూ మురుగు కాలవలే. ఇంత సంతోషంగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సంతకాలు మాత్రం బావే చేస్తూ వచ్చాడు.

మొన్న ఆ ఇంకో ఇంటి కోడలు పసుపు కుంకుమ పట్టుకుని వచ్చింది. "నేను కుర్చీలో కూచునే దినం నువ్వు తప్పకుండా రావాలక్కా. మనసులో ఏమీ పెట్టుకోకుండా రాజీనామా ఇచ్చేసినావంట" అంది. అక్క తెల్లబోయింది. రాజీనామా సంగతి ఆమెకు తెలియదు. బావను అడిగితే, "మాట మాటే కదా. సగం కాలం అయిపోయ. నీ పేరుతో నేనే ఇచ్చేసినా" అన్నాడట.

అది ఫోన్లో వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. రాజీనామా అమల్లోకి రావడానికి కొద్దిరోజుల గడువు ఉంటుందనీ, అది దాటకముందే అధ్యక్షె స్వయంగా వెళ్ళి రాజీనామా వెనక్కి తీసుకోవచ్చని నాకు తెలుసు. సెలవు పెట్టి అక్కను వెంటబెట్టుకుని బయల్దేరాను. వెనకే బావ కూడా బండి మీద వచ్చాడు.

అధికారిణి మా ఇద్దరికంటే చిన్నది. అక్క చెప్పిందంతా ఓపిగ్గా విని, రాజీనామా వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం చేయించుకుంది. అది కలవలేదన్నది అప్పుడే. తర్వాత పంచాయితీ తీర్మానాల కట్ట తెప్పించి విప్పింది. "రాజీనామా మీద ఉన్న సంతకమే వీటన్నిటి మీదా ఉంది. అది మీది కాదంటే, ఇవెవరివి?" అని కన్నడలో అడిగింది.

 ఇంత దూరం తీసుకొచ్చింది నేను, ఈ ప్రశ్న వస్తుందని ఆలోచించనిదీ నేనే. ఆ సంతకాలు తనవేనంటే రాజీనామా కూడా తనదే, కలవని సంతకంతో దాన్ని వెనక్కి తీసుకోవడమూ కుదరదు, కుర్చీ పోతుంది. తనవి కావంటే బావ మీద కేసు పడుతుంది. తలుపు దగ్గర నిలబడిన బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మా అక్క వంక చూస్తూ, వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

అక్క మా ఇద్దరి వైపూ చూడలేదు. "ఆయనవంటే ఏమయితాది?" అని తెలుగులోనే అడిగేసింది. అధికారిణికి తెలుగు అర్థమయింది. కేసవుతుందనీ, ఇన్నాళ్ళ పనులన్నిటి మీదా విచారణ జరుగుతుందనీ, అక్క కూడా జవాబు చెప్పుకోవలసి వస్తుందనీ దాచకుండా చెప్పింది. ఆలోచించుకుని చెప్పమంది.

నేను బల్ల కింద అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "అక్కా, వద్దు. ఇంటికి పోదాం పద" అన్నాను. రోజూ పిల్లలచేత పీఠిక చదివించే నోటితోనే ఆ మాట అన్నాను. అని, నేనే ఉలిక్కిపడ్డాను.

అక్క నా చెయ్యి విడిపించుకుంది. "నేను అధ్యక్షెనయినప్పటినుంచి ఒక్క సైనూ చేయలేదమ్మా. అవన్నీ ఆయనవే. రాసుకోండి, దాని కింద నేను చేస్తాను" అంది. అధికారిణి రాసింది. కింద అక్క తన పేరు ఒక్కో అక్షరమే రాసింది.  అది ఆమె ధైర్యమో తెగింపో తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ తేల్చుకోలేదు.

విచారణ తేలేవరకూ రాజీనామాను పక్కన పెడతామన్నారు. బయట వరండాలో బావ గోడకు చేరగిలబడి నిలబడ్డాడు. 

"నా మీద చెప్పేసినావు కదమే. ఇంగ నేను ఊర్లో యాడ తలెత్తుకోని తిరిగేది?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"నీ మీద చెప్పలేదు. నేనొకదాన్ని ఉండానని చెప్పినా" అంది.